పిడుగు గొప్పవాడే, అంత గొప్పవాడు కాదు

2024 డిసెంబరు, రెండో ఆదివారం, సాయంత్రం. మన్సూరాబాద్‌లో మా ఇంటి ముందుగది.

హాజరైనవారు: నేను, నా భార్య, కింది వాటాలో ఉండే డీసీఎం వ్యాను డ్రైవరు, అతని కూతురు. ఆలస్యంగా హాజరైనవారు: ఆ అమ్మాయికి బాక్సింగ్ నేర్పే కోచ్.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. ఇది ఉద్యోగం నేర్పిన అలవాటు. నేను తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. తనిఖీకి వెళ్లినప్పుడు అక్కడ ఎవరెవరున్నారో ముందుగా రాసుకోవాలి. తర్వాత అడిగితే, తాను ఆ రోజు ఊళ్లోనే లేనని ప్రతివాడూ అంటాడు. ఉద్యోగం అయిపోయినా అలవాటు పోలేదు. ఇంటికి నలుగురు వచ్చి నాలుగు మాటలు మాట్లాడుకున్నా హాజరు రాయందే నాకు నిద్రపట్టదు.

ఆ సాయంత్రం తేలవలసిన సంగతి ఒక్కటే. మర్నాడు పొద్దున రాష్ట్ర జట్టు ఎంపికలో ఆ అమ్మాయి ఫైనల్ ఆడాలి. ఆడపిల్లల్లో అన్నిటికన్నా పెద్ద బరువు విభాగం. గెలిస్తే జాతీయ పోటీలకు పోతుంది. ఆమె తన పద్ధతిలో ఆడుతుందా, తండ్రి పద్ధతిలో ఆడుతుందా? అదీ ప్రశ్న.

ఆమె పద్ధతి ఓపిక. ఎడమచెయ్యి ముందుకు చాచి జాబ్, అంటే తేలికపాటి సూటి గుద్దు, వేస్తుంది, ఒక అడుగు పక్కకు జరుగుతుంది, మళ్లీ జాబ్ వేస్తుంది. చూసేవాళ్లకు ఇందులో గొప్ప ఏమీ కనబడదు. ఎదుటి పిల్లకు మాత్రం ప్రాణం విసిగిపోతుంది. తండ్రి పద్ధతి వేరు. గంట మోగగానే మీదపడి, కుడిచేత్తో ఒక్కటి గుద్ది, పడుకోబెట్టడం. ఇది అతనికి ఎక్కడి నుంచి వచ్చిందంటే, పిడుగు నుంచి.

పిడుగు అంటే మా కాలపు హెవీవెయిట్ బాక్సరు ఒకడు. ఆ పేరు అతని దేశం వాళ్లు పెట్టింది కాదు, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక వీడియో క్యాసెట్ల దుకాణం దగ్గర పుట్టింది. అసలు పేరు నేను రాయను. ఏ బాక్సరు పేరూ రాయను. పేరు రాసిన మరుక్షణం వాదన ఆగిపోయి జిందాబాద్‌లు మొదలవుతాయి. నా అనుభవం అది.

కిందటేడు ఇదే ఎంపికలో ఈ పిల్ల మొదటి రౌండు చక్కగా ఆడింది. రెండో రౌండులో తండ్రి కుర్చీ ఎక్కి "పిడుగు లెక్క గుద్దు బిడ్డా! ఏంది గా గోకుడు!" అని హాలంతా దద్దరిల్లేలా అరిచాడు. చిన్నప్పటి నుంచి ఆ గొంతుకు మాట వినడం అలవాటైన పిల్ల. జాబ్ వదిలేసి కుడిచెయ్యి విసిరింది. అది గాలికి తగిలింది. ఎదుటి పిల్లవి రెండు ఈమెకు తగిలాయి. ఓడిపోయింది. ఇంటికి వచ్చాక తండ్రితో వారం రోజులు మాట్లాడలేదు. అతను మాత్రం ఇంకా గట్టిగా గుద్ది ఉండాల్సిందని ఆ వారమంతా మా మెట్ల మీద కూర్చుని నాకు చెప్పాడు.

నా సంగతి కూడా కొంచెం చెప్పాలి. నేను బాక్సింగ్ ఎన్నడూ ఆడలేదు. ఎవరినీ కొట్టలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక బాక్సింగ్ పోటీలో బరువులు చూసే కాటాకు ముద్ర వేయడానికి నన్ను పంపారు. పోటీదారుడు ఎక్కే ముందు కాటా ఖాళీగా ఉన్నప్పుడు సున్నా చూపిస్తోందో లేదో చూడాలి. చూశాను, ముద్ర వేశాను, లేచి వచ్చేద్దామనుకుంటే నిర్వాహకులు కూర్చోబెట్టి టీ ఇచ్చారు. ఆ రోజు రింగు పక్కన కూర్చుని ఒక విషయం గమనించాను. నా చుట్టూ ఉన్నవాళ్లు గుద్దులు చూడటం లేదు, మనిషిని చూస్తున్నారు. తమకు నచ్చినవాడు చెయ్యి ఊపితే చాలు, తగిలిందని అరుస్తున్నారు. నచ్చనివాడు నిజంగా కొట్టినా కళ్లు మూసుకుంటున్నారు. అంటే వాళ్ల మనసులోని ఖాళీ కాటా సున్నా దగ్గర లేదు. ముల్లు ముందే ఒకవైపు ఒరిగి ఉంది.

అప్పటి నుంచి బాక్సింగ్ ఎప్పుడు చూసినా శబ్దం తీసేసి చూస్తాను. వ్యాఖ్యానం వినను. ఒక్కో రౌండు అవగానే ఎవరిదో రాసుకుని, ఆ తర్వాతే తర్వాతి రౌండు చూస్తాను. టీవీ నోరు మూసేసి రాసుకుంటూ కూర్చున్న నన్ను చూసి మా ఆవిడ "మీకు సరదాగా ఒక్క పని చేయడం కూడా చేతకాదండీ" అంటుంది. నిజమే కావచ్చు. కానీ ఇలా చూడటం వల్ల నాకు కొన్ని అభిప్రాయాలు కుదిరాయి. అవి ఎవరికీ నచ్చవు. అయినా రాస్తాను.

హెవీవెయిట్‌లను అభిమానులు అవసరానికి మించి మోస్తారు. ఇది వేరే బరువుల్లో ఇంతగా జరగదు. చిన్న బరువువాడు గొప్పవాడనిపించుకోవాలంటే పన్నెండు రకాల విద్యలు చూపించాలి. పెద్ద బరువువాడు ఒక్కణ్ని పడగొడితే చాలు, ఇంటింటా గోడ మీద బొమ్మ అవుతాడు. ఎన్నడూ ఓడలేదని ఒకణ్ని పూజిస్తారు. ఓడించగలిగినవాళ్లు ఎదురుగా ఉన్నప్పుడు అతను ఎక్కడున్నాడని ఒక్కరూ అడగరు. ఇంకొకడు మైకు ముందు గెలిచిన పోటీలను రింగులో గెలిచినవాటితో కలిపి లెక్కేస్తారు. మూడోవాడు దారుణంగా ఓడిపోతే ఆ రోజు ఒంట్లో బాగాలేదంటారు. అతను గెలిచిన రోజున ఎదుటివాడికి ఒంట్లో ఎలా ఉందో ఎవరికీ అక్కర్లేదు. ఈ ముగ్గురి గురించీ నేను చాలామందితో తగవు పడ్డాను. నాలుగోవాడు పిడుగు. అతని గురించి మాత్రం ఒక్కడితోనే, మా కింది వాటా మనిషితోనే, ఏళ్ల తరబడి తగవు.

అతనిది నల్లగొండ దగ్గర పల్లె. చిన్న వయసులో పట్నం వచ్చి గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌లో హమాలీగా చేరాడు. తెల్లవారుజామున పెట్టెలు మోసేవాడు. మధ్యాహ్నం దిల్‌సుఖ్‌నగర్‌లోని గదిలో నలుగురు స్నేహితులతో కలిసి వీడియో చూసేవాడు. సందు చివర క్యాసెట్ల దుకాణంలో బాక్సింగ్ క్యాసెట్లు దొరికేవి. ఒక్క గుద్దుతో కొండలాంటివాణ్ని కూల్చే మనిషిని చూస్తే, పొద్దున్నుంచీ వీపు వంచి మోసిన కుర్రాడికి ఎలా ఉంటుందో నేను ఊహించగలను. అందుకని పిడుగు ముందు నేనూ తల వంచుతాననుకోకండి.

ఎందుకంటే ఆ దుకాణంలో నేను కూడా క్యాసెట్లు తెచ్చుకునేవాణ్ని. పిడుగు ఆడిన ఒక పోటీ చూస్తుంటే ఏదో తేడాగా అనిపించింది. రెండో రౌండు చివర గంట మోగింది. మరుక్షణం మళ్లీ గంట మోగింది. పిడుగు నిక్కరు అప్పటికే చెమటతో తడిసి ఒంటికి అంటుకుపోయింది. ఎదుటివాడి కనుబొమ్మ మీద, ఎవరూ కొట్టకుండానే, పెద్ద గాయం వచ్చి కూర్చుంది. క్యాసెట్ తిప్పి చూశాను, మళ్లీ అంతే. మర్నాడు దుకాణం వాణ్ని అడిగాను.

అతను దాచలేదు సరికదా గర్వంగా చెప్పాడు. "వట్టి రౌండ్లు తీసేసిన సార్. రెండు వీసీఆర్‌లు పెట్టి నేనే కట్ చేస్త. గాళ్లు ఊకె పట్టుకొని నిలబడేది ఎవడు జూస్తడు? ఇప్పుడు ఒక్క క్యాసెట్ల మూడు ఫైట్లు ఒస్తున్నయ్."

అంటే ఈ ప్రాంతంలో ఒక తరం అభిమానులు పిడుగు అలసిపోవడం చూడలేదు. అతను ఎదుటివాణ్ని కౌగిలించుకుని వేలాడటం చూడలేదు. గుద్దు తగలక తికమకపడటం చూడలేదు. పిడుగు మెరుపులన్నీ క్యాసెట్ కట్ చేసిన మనిషి వేళ్లలో ఉన్నాయి. ఇది నేను కింది వాటా మనిషికి ఎన్నోసార్లు చెప్పాను. అతను ఒక్కసారీ నమ్మలేదు.

ఇక ఆ సాయంత్రానికి వస్తాను. అమ్మాయి ముందు నా దగ్గరకు ఒంటరిగా వచ్చింది. మనిషి పొడవు, భుజాలు వెడల్పు. మా గుమ్మంలో నిలబడితే వెలుతురు తగ్గుతుంది.

"తాతా, డాడీ రేపు ఒస్తడంట," అంది.

"రానీ. కన్నతండ్రి."

"ఒచ్చుడు నాకు గూడ కావాలె. లేకుంటె నాకు మంచిగ అనిపియ్యది. కానీ అరిస్తడు. డాడీ అరిస్తె నా చెయ్యి నా మాట వినది, ఆయన మాటనే వింటది. కోచ్ ఏమో మీ డాడీని ఇంట్లనే కట్టేసి రా అంటున్నడు." నవ్వింది గానీ కళ్లు నవ్వలేదు. "పిడుగు ఫైట్ పూర్తిది దొరికింది తాతా, ఇంటర్నెట్ల. కటింగ్ లేకుండ. మీ టీవీల పెడ్త. డాడీని పైకి పిలవండి. నేను పిలిస్తె రాడు, మీరు పిడుగును తిడ్తరంటె ఒస్తడు."

పిలిచాను. వచ్చాడు. చేతిలో మిర్చి బజ్జీల పొట్లం. గుమ్మంలోనే మొదలుపెట్టాడు.

"ఏంది సార్, మల్ల మా పిడుగు మీద కేసు పెడ్తున్నవట?"

"కేసు ఎప్పుడో పెట్టాను. ఈరోజు సాక్ష్యం."

"పూర్తి ఫైట్ అంట. నేను జూడని ఫైట్ ఉంటదా సార్? గా క్యాసెట్ అరిగిపోయేదాంక జూసిన."

"నువ్వు చూసింది పై వరుస. మామిడి పెట్టెలో పైన నిగనిగలాడే పండ్లు పేర్చేవాళ్లు, గుర్తుందా? కొనేవాడు పైన చూసి మోసపోయేవాడు. ఆ పేర్చేపని నువ్వే చేశావు. నీకు నేను చెప్పాలా?"

"పేర్చిన సార్, కాదంటలేను. కానీ కింద గూడ మామిడిపండే ఉంటది. రాళ్లు ఉండయి గద!"

ఈ జవాబుకు మా ఆవిడ వంటింట్లోంచే పెద్దగా నవ్వింది. టీవీ పెట్టమన్నాను.

శబ్దం తీసేయమన్నాను. కూడదన్నాడు. అరుపులు లేకపోతే బాక్సింగ్ చూసినట్టే ఉండదన్నాడు. చివరకు అమ్మాయే రిమోట్ తీసుకుని శబ్దం తీసేసింది. "డాడీ, జర ఊకో. ఒక్కసారి తాత చూసినట్టు జూడు."

మొదటి రెండు రౌండ్లు అతనికి కంఠతా వచ్చు. ఏ గుద్దు ఎప్పుడు వస్తుందో ముందే చెబుతూ, బజ్జీ పట్టుకున్న చెయ్యి గాలిలో తిప్పుతూ ఉన్నాడు. నిజం చెప్పాలి, ఆ రెండు రౌండ్లూ పిడుగు అద్భుతంగా ఆడాడు. గొప్పవాడు కాదని నేను ఎప్పుడూ అనలేదు. అంత గొప్పవాడు కాదనే అన్నాను. ఈ తేడా అర్థం చేసుకునే ఓపిక అభిమానులకు ఉండదు.

మూడో రౌండు మొదలైంది. అతని చెయ్యి ఆగింది. ఇది అతను చూడనిది.

పిడుగు కుడిచెయ్యి విసురుతున్నాడు, ఎదుటివాడు తల పక్కకు తీస్తున్నాడు. నాలుగో రౌండుకు పిడుగు నోరు తెరిచి గాలి పీలుస్తున్నాడు. ఐదో రౌండంతా ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు వాలి నిలబడ్డారు. రిఫరీ విడదీస్తున్నాడు, మళ్లీ వాలుతున్నారు.

మా ఆవిడ టీలు తెచ్చి టీవీ వైపు చూసింది. "వీళ్లు కొట్టుకుంటున్నారా, ఓదార్చుకుంటున్నారా అండీ?"

అమ్మాయి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. తండ్రి నవ్వలేదు. "గిది వేరే ఫైట్ అయ్యుంటది," అన్నాడు మెల్లగా.

"నిక్కరు రంగు చూడు. అదే మనిషి. ఎదుటివాడూ అతనే," అన్నాను.

"మరి ఎవడో ఏదో కలిపిండు సార్. ఇప్పుడు ఫోన్ల ఏదైన చేస్తున్నరు."

"కలిపింది కాదు. అప్పుడు తీసేసింది."

నేను గెలిచాననుకున్నాను. ఏళ్ల తగవు ఆ ఐదో రౌండుతో తీరిపోయిందనుకున్నాను. అతను టీ తాగకుండా గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. ఆ మొహం చూస్తే నాకు జాలి కలిగిందా? కొంచెం. కానీ మర్నాడు అదే మనిషి కుర్చీ ఎక్కి అరిస్తే నష్టపోయేది పక్కన కూర్చున్న పిల్ల. కాబట్టి జాలిని పక్కన పెట్టి "చూశావా" అని ఇంకోసారి అన్నాను.

అప్పుడు ఆరో రౌండు వచ్చింది. పిడుగు కుడిచెయ్యి గడ్డం కింద దాచుకున్నాడు. ఎడమచెయ్యి చాచాడు. జాబ్. ఒక అడుగు పక్కకు. జాబ్. మళ్లీ పక్కకు. ఊపిరి కూడదీసుకుంటూ, తొందరపడకుండా, ఆ రౌండంతా అంతే. ఏడోదీ అంతే. జనం వెనకాల విసుగ్గా చేతులు ఊపుతున్నారు, వాడు పట్టించుకోలేదు. ఎదుటివాడి కనుబొమ్మ చిట్లింది. క్యాసెట్‌లో గాలిలోంచి ఊడిపడిన ఆ గాయం ఈ ఎడమచెయ్యి చేసినది.

"ఆపు బిడ్డా," అన్నాడు తండ్రి. "ఎనకకు పో జర."

అమ్మాయి వెనక్కి తిప్పింది. ఆరో రౌండు మళ్లీ చూశాడు. గ్లాసు కింద పెట్టి, లేచి, టీవీకి మరీ దగ్గరగా వెళ్లి చూశాడు.

"గిది నువ్వు కొట్టేదే గద?"

"రెండేండ్ల సంది అదే చెప్తున్న డాడీ. నువ్వు గోకుడు అంటున్నవ్."

అతను టీవీలోని చెయ్యినీ కూతురి చెయ్యినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత అతను నా వైపు తిరిగాడు. మొహం వెలిగిపోతోంది. నేను అనుకున్నదానికి పూర్తిగా తలకిందులు.

"చూసినవా సార్ మా పిడుగు! ఒక్క గుద్దుడే ఒస్తదనుకున్న ఇన్నేండ్లు. ఓపిక గూడ ఉన్నది మావోనికి! నేననుకున్నదానికంటె డబుల్ గొప్పోడు!"

నేను నిర్ఘాంతపోయాను. "ఏం గొప్ప? మూడు రౌండ్లు వేలాడాడు! అంతకంటే ముందే జాబ్ వాడాల్సింది. తెలివైనవాడైతే మూడో రౌండులోనే..."

"తెలుసుకున్నడు గద సార్! రింగుల నిలబడి తెలుసుకున్నడు!"

"ఎదుటివాడు ఎంత బలహీనుడో చూడు ముందు. ఇంకొకడైతే ఐదో రౌండులోనే..."

"సార్, నువ్వు జన్మల ఒప్పుకోవు."

"ఒప్పుకోను."

"ఏవండీ," అంది మా ఆవిడ, "మీకు కావలసింది ఆ పిల్ల తన ఆట తను ఆడటమా, ఆయన మీ మాట ఒప్పుకోవడమా?"

రెండూ కావాలన్నాను. ఇప్పటికీ అదే అంటాను. మంచి ఫలితం వచ్చింది కదా అని తప్పుడు తూకాన్ని సరైనదనలేను. పిడుగును ఆ మనిషి అంతకుముందు తప్పు కారణానికి నెత్తిన పెట్టుకున్నాడు. ఇప్పుడు సగం సరైన కారణానికి ఇంకా ఎత్తుకు లేపాడు. తూకంలో తేడా తేడానే.

కోచ్ అప్పుడు వచ్చాడు. ఎల్బీనగర్‌లో ఒక రేకుల షెడ్డులో పిల్లలకు నేర్పుతాడు. చెప్పులు విప్పుతూనే తండ్రిని చూసి అన్నాడు, "అన్నా, నీతోటే పని. రేపు రింగుల నా పోరి మూలకు ఒక్క గొంతే వినపడాలె, అది నాది. నువ్వు ఒస్తె రా. కానీ నోరు ఇంట్ల పెట్టి రా."

తండ్రికి కోపం వస్తుందనుకున్నాను. అతను కూతురి వైపు చూశాడు. అమ్మాయి తల దించుకోలేదు, ఎత్తే ఉంచింది.

"నువ్వు రావాలె డాడీ. నేను జూస్తె నువ్వు కనపడాలె. కానీ అరవొద్దు. గెలిచినా ఓడినా నా లెక్కనే ఆడ్త."

"అరవను బిడ్డా," అన్నాడు. "పిడుగు మీద ఒట్టు."

దేవుడి మీద కాదు, తల్లి మీద కాదు, పిడుగు మీద. ఆ మాట కూడా డైరీలో రాసి, పక్కన నా అసమ్మతి నమోదు చేశాను. వాళ్లు వెళ్లాక మా ఆవిడ ఆ పేజీ చదివి తల పట్టుకుంది.

మర్నాడు పొద్దున అందరం అతని వ్యానులోనే సరూర్‌నగర్ వైపు ఇండోర్ హాలుకు వెళ్లాం. కోచ్, అమ్మాయి లోపలికి వెళ్లారు. మేము మూడో వరుసలో కూర్చున్నాం. తండ్రి రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద తన బరువంతా వేసి కూర్చున్నాడు.

గంట మోగింది. మొదటి రౌండు అమ్మాయిదే, సందేహం లేదు. ఎడమచెయ్యి తాడు మీద నడిచినట్టు నడిచింది. రెండో రౌండులో ఎదుటి పిల్ల లోపలికి దూరడం నేర్చుకుంది, సరిసమానంగా పోయింది. మా వెనక వరుస కుర్రాళ్లు ఆవులిస్తూ "కొట్టవేందక్కా! ఒక్కటియ్యి!" అని మొదలుపెట్టారు. తండ్రి ముందుకు వంగాడు. నోరు తెరిచాడు. నేను అతని మోచెయ్యి పట్టుకోబోయాను. అతను నా వైపు కాదు, వెనక్కి తిరిగాడు. "ఊకోండ్రి వారీ! ఆట తెలుస్తదా మీకు? గది జాబ్!" అని వాళ్లను కసిరాడు. ఒట్టు ప్రకారం అది కూతురి మీద అరవడం కాదు. నేను ఆక్షేపించలేదు.

మూడో రౌండులో అమ్మాయి అలసింది. కాళ్లు బరువెక్కాయి. పక్కకు జరగడం మాని తిన్నగా వెనక్కి వెళ్లడం మొదలుపెట్టింది. ఎదుటి పిల్ల వెంటపడి రెండు మంచి గుద్దులు గుద్దింది. అమ్మాయి ఒక్కసారి మా వైపు చూసింది. తండ్రి పెదవులు బిగించి, అలాగే, చూపు తిప్పకుండా కూర్చున్నాడు. ఆమె మళ్లీ ఎడమచెయ్యి చాచింది. చివరి గంట వరకు కుడిచెయ్యి గుడ్డిగా ఒక్కసారి కూడా విసరలేదు.

రిఫరీ ఎదుటి పిల్ల చెయ్యి పైకెత్తాడు.

బయట వ్యాను దగ్గర తండ్రి నోరు తెరుచుకుంది. "అన్యాయం సార్! మొదటిది మనది, రెండోది మనది! నేను రౌండు రౌండు లెక్కవెట్టిన, నువ్వు జూసినట్టే జూసిన! దగా జేసిన్రు!"

అమ్మాయి భుజాన సంచి వేసుకుని వచ్చింది. ఎడమ కన్ను కింద కొంచెం వాచింది. నా ముందు ఆగింది.

"తాతా, మీ లెక్క ఏంది?"

మా ఆవిడ వెనకనుంచి నా చొక్కా లాగింది. ఆ లాగుడుకు అర్థం నాకు తెలుసు. కానీ ఎక్కడో పరాయి దేశంలో పుట్టిన బాక్సరును అభిమానంతో ఎక్కువ తూచకూడదని ఇన్నేళ్లు వాదించి, మా మెట్ల మీద పెరిగిన పిల్ల దగ్గరికి వచ్చేసరికి కాటా మీద వేలు పెట్టలేను.

"మొదటిది నీది. రెండోది ఎటూ కాదు, కావాలంటే నీకే ఇస్తారు, నేను ఆమెకు ఇచ్చాను. మూడోది ఆమెదే. ఓడిపోయావు. కొంచెంలో."

"నువ్వు గూడనా సార్!" తండ్రి నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఇంటి మనిషివి!"

"నిజమే చెప్పిండు డాడీ," అంది అమ్మాయి. "నాక్కూడ తెలిసింది. కానీ నా ఆట నేను ఆడిన." సంచి కింద పడేసింది. "తాతా, మూడోదాంట్ల ఎక్కడ పోయింది? చూపియ్యండి."

అక్కడే, పార్కింగ్‌లో, నేను ఎదుటి పిల్లలాగా నిలబడ్డాను. రెండు చేతులూ గడ్డం దగ్గర పెట్టుకుని ముందుకు ఒక అడుగు వేశాను. "నేను ఇలా వస్తుంటే నువ్వు తిన్నగా వెనక్కి పోయావు. నీ కుడివైపు అంతా ఖాళీగా ఉంది. అటు జరగాల్సింది."

అమ్మాయి తల ఊపి చెయ్యి చాచింది. అది నా తల మీదుగా పోయింది.

తండ్రి కాసేపు మూతి ముడుచుకుని చూశాడు. తర్వాత చొక్కా చేతులు పైకి మడుస్తూ వచ్చాడు.

"జరుగు సార్, నువ్వు గా పిల్లంత ఎత్తు లేవు," అని నన్ను పక్కకు నెట్టి, కూతురి ఎదురుగా నిలబడ్డాడు. "ఊ, నేను మీదికి ఒస్తున్న బిడ్డా. జరుగు పక్కకు."